చింతపండు కొడుతూ చూసిన విమానం

నా కూతురికి పన్నెండేళ్లు. నేను చిన్నప్పుడు చూసిన కార్టూన్లంటే దానికి జాలి. వెక్కిరిస్తే తిరిగి నాలుగు మాటలు అనొచ్చు, జాలిపడేవాళ్లతో ఏం కొట్లాడతాం? ఇబ్రహీంపట్నంలో బస్టాండు వెనక నాకో చిన్న కుట్టు దుకాణం ఉంది. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆ ఖాళీ వేళ ఇద్దరం మిషన్ పక్కన కూర్చుని, నా కాలం కార్టూన్లను ఫోన్లో ఒక్కొక్కటే వెతికి పట్టుకుని చూశాం. ఏవి ఇప్పటికీ నిలబడతాయో, ఏవి కూలబడతాయో తేల్చాలని మా పంతం.

ముందుగా కూలబడినవాడు కండల వీరుడు. ఒంటి మీద బట్ట తక్కువ, చేతిలో గద, లోకాన్ని కాపాడడం తప్ప వేరే పని లేదు. చిన్నప్పుడు వాడు పరుగెడుతుంటే మా గుండెలు కూడా వెంట పరుగెత్తేవి. ఇప్పుడు చూస్తే వాడు ఎంత దూరం పోయినా వెనకాల అదే గుట్ట, అదే మోడు, మళ్లీ అదే గుట్ట.

"మమ్మీ, గీయన ఒక్కకాడనే ఉరుకుతున్నడు," అంది నా కూతురు.

ఒప్పుకోక తప్పలేదు. పైగా దెబ్బలాటకు ముందో ఉపన్యాసం, తర్వాతో ఉపన్యాసం. ఓట్లప్పుడు మా వార్డులో నిలబడేవాళ్లు కూడా అంత మాట్లాడరు.

మంత్రాల ముసలమ్మ సగం నిలబడింది. ఆమె చీపురు ఆమె మాట వినదు. ఊడ్వమంటే ఎగురుతుంది, ఎగరమంటే ఊడుస్తుంది. చీపురు కనబడినంతసేపూ బాగానే ఉంది. ముసలమ్మ నీతులు మొదలుపెట్టగానే నా కూతురు ఆవలించింది, దాన్ని చూసి నేనూ ఆవలించాను.

గెలిచింది కుక్కా కోడీ. కోడి గుడ్డు మీద కుక్క కన్ను, కుక్క తోక మీద కోడి కన్ను. ఒక్క మాట ఉండదు, నీతి అసలే ఉండదు. కోడి దాచిన గుడ్డును కుక్క ఎత్తుకొచ్చి పొట్ట కింద పెట్టుకుంటుంది. తినేలోపల అది పగిలి పిల్ల బయటికొచ్చి, కుక్కనే అమ్మ అనుకుని వెంటపడుతుంది. ఇక ఆ కుక్క పడే తిప్పలు చూడాలి. నా కూతురు జాలి సంగతి మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వింది. నా కాలానికి కొంత మర్యాద దక్కింది.

తర్వాత ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. నిలబడినవన్నీ చప్పుడుతో పని లేనివే. అందులో వింతేమీ లేదు. మేం వాటిని చూసిందే చప్పుడు వినకుండా.

మా వాడలో అప్పట్లో కేబుల్ ఉన్నది చింతపండు సావుకారి ఇంట్లో ఒక్కచోటే. ఎండలు ముదరగానే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్తాల కొద్దీ చింతకాయ ఆ ఇంటికి వచ్చిపడేది. సావుకారి తల్లిని అందరూ పెద్దవ్వ అనేవాళ్లు. ఆమె పద్ధతి ఒక్కటే: టీవీ చూడాలంటే చింతపండు కొట్టాలి. ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు గడప దాటే యోగం లేదు. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, గటకో గంజో ఇంత తాగి, పదిమంది పిల్లలం అక్కడ చేరేవాళ్లం. బాపు చెరువు మీద ఉండేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. మేం ఎక్కడున్నామని అడిగేవాళ్లు లేరు.

ఒక్కొక్కరి ముందు ఒక్కో బండ, చేతిలో చిన్న ఇనుప కడ్డీ. పెంకు ఒలిచిన చింతపండును బండ మీద పెట్టి కొడితే గింజ బయటికి వస్తుంది. పండు ఒక గంపలోకి, గింజ ఇంకో గంపలోకి. పది బండల మీద పది కడ్డీలు ఠకఠకమంటుంటే టీవీ మాట ఎవరికి వినబడుతుంది? గొంతు పెంచుదామంటే పెద్దవ్వ ఒప్పుకునేది కాదు. చప్పుడు పెంచితే కరెంటు ఎక్కువ కాలుతుందని ఆమె నమ్మకం. ఆమెకు చెముడు, కాబట్టి ఆమెకు పోయేదేమీ లేదు.

వినబడినా లాభం లేదు, అన్నీ ఇంగ్లీషువే. "ఏమంటున్నదే? ఏమంటున్నదే?" అని ఒకరినొకరు అడగడం తప్ప ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను అప్పుడు ఆరో తరగతి. అంతకు ముందు పంద్రాగస్టుకు బడిలో ఆవు మీద ఇంగ్లీషు వ్యాసం అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకున్నాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పెద్దవ్వ తీర్పు చెప్పేసింది.

"ఆ పొల్లకు ఇంగ్లీషొస్తది. గామెను ముంగట కూసోబెట్టుండ్రి. ఆమె జెప్తది, మీరు కొట్టుండ్రి."

అలా నాకు టీవీ ముందు చాప మీద చోటు దక్కింది, చేతిలో కడ్డీ పోయింది. ఇక నాకు వచ్చిన ఇంగ్లీషు సంగతంటారా, ఆవుకు నాలుగు కాళ్లుంటాయని చెప్పగలను. ఆ కార్టూన్లలో ఎవరూ ఆవు గురించి ఎత్తేవాళ్లే కాదు. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ. బొమ్మను చూస్తూ నోటికొచ్చిన కథ గట్టిగా చెప్పేదాన్ని. అందరూ నమ్మేవాళ్లు. పెద్దవ్వ కూడా చెవి దగ్గర చేయి పెట్టుకుని వినేది.

ఆ కార్టూన్లలో ఒకటి విమానంది. పెద్ద ముక్కు, ముందు అద్దంలో రెండు గుండ్రటి కళ్లు, ఎడమ రెక్క మీద ఒక అతుకు. విమానం మాకు కొత్త కాదు. నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానాలు, నేర్చుకునేవాళ్లు నడిపేవి, మా నెత్తి మీదుగా తిరుగుతూనే ఉండేవి. నోరున్న విమానమే కొత్త. కుక్కా కోడీని చూస్తే అందరూ నవ్వేవాళ్లు, విమానం వస్తే మాత్రం మా తమ్ముడు నవ్వకుండా చూసేవాడు.

వాడు మూడో తరగతి. మంచివాడు, చేతిపని బాగా వచ్చినవాడు, చదువు మాత్రం అబ్బేది కాదు. అక్షరాలు వాడి కళ్ల ముందు నిలిచేవి కావు. ఇప్పుడైతే దానికేదో పేరుంది, చూసే డాక్టర్లున్నారు. అప్పుడు దానికి ఒకటే పేరు, మొద్దు. ఒకరోజు సారు వాడిని లేపి, చేయి పట్టుకుని తీసుకెళ్లి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. వాడు ఇంటికొచ్చి ఏడవలేదు. పెద్దవ్వ ఇంట్లో బండ ముందు కూర్చుని, చింతపండును గింజ ముక్కలయ్యేలా కొట్టాడు. పెద్దవ్వ తిట్టినా తల ఎత్తలేదు.

అదే సమయానికి టీవీలో విమానం వచ్చింది. దాన్ని ఎందుకో చిన్న చిన్న బండ్ల వరసలో నిలబెట్టారు. ఎందుకు నిలబెట్టారో దేవుడికే తెలియాలి. నా నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"ఈ విమానం రెక్కకు ట్రాక్టర్ రేకుతోని అతుకేసిండ్రు. దీనికి సదువు రాదని పెద్దసారు పట్కపోయి చిన్న బండ్లల్ల నిలబెట్టిండు. నిలబెడితే ఏమైతది? దీనికి గాలి ఎరుక. గాలి ఎటు దిక్కు కొడ్తదో గా పెద్ద విమానాలకు ఎరుకలేదు, దీనికి ఎరుక."

తమ్ముడి కడ్డీ ఆగిపోయింది. వాడు టీవీ వైపు చూశాడు.

ఆ రోజు నుంచి ఆ విమానం కథ నేను టీవీలోంచి చెప్పలేదు, వాడి బడిలోంచి చెప్పాను. నల్లబల్ల మీద ఉన్నది చదవలేక దెబ్బలు తిన్న రోజు, విమానం దిగే చోట పేరు చదవలేకపోయింది. మిగతా విమానాలు నవ్వాయి. అది కిందికి చూసి, చెరువును, గుట్టను, రోడ్డు మలుపును గుర్తు పట్టి సుతారంగా దిగింది. వాడు పెద్దవ్వ టేబుల్ ఫ్యానును విప్పి బాగుచేసిన రోజు, చేసింది సావుకారి కొడుకని పేరొచ్చిన రోజు, విమానం ఒక పాడైన ఇంజన్‌ను చప్పుడు విని బాగుచేసింది. ఎవరూ మెచ్చుకోలేదు. దానికి ఫికర్ లేదు, ఇంజన్‌కు తెలుసు కదా.

తమ్ముడి మీద ప్రేమతోనే ఇదంతా చేశానని రాసుకోవచ్చు. నిజం చెప్పాలంటే సగం ప్రేమ, సగం గొప్ప. పదిమంది నోళ్లు తెరుచుకుని నా మాట వింటుంటే ఆ రుచి వేరు. వానలు పడ్డాక చింతపండు పని అయిపోయింది, మా టీవీ కూడా అయిపోయింది. మళ్లీ ఎండాకాలానికి ఆ కార్టూన్ రావడం మానేసింది.

నేను పదో తరగతితో ఆపి కుట్టుపనిలో పడ్డాను. తమ్ముడు తంటాలు పడి ఐటీఐ దాటాడు. ఇప్పుడు ఆదిబట్లలో విమానాల భాగాలు తయారుచేసే కంపెనీలో పని, రెక్కలకు రివెట్లు కొడతాడు. వాడి చేయి పడితే రెండోసారి చూడక్కర్లేదని పై అధికారులే అంటారట. నాదర్‌గుల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. చదవడం మాత్రం ఇప్పటికీ నెమ్మదే, వరస కింద వేలు పెట్టుకుని చదువుతాడు. దానికి వాడు సిగ్గుపడడు. ఎవరైనా అడిగితే ఆ విమానం కథ చెబుతాడు. పనిలో చేరిన కొత్త పిల్లలకు చెబుతాడు, పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతాడు. "చిన్నప్పుడు టీవీల ఒక విమానం వస్తుండె" అని మొదలుపెట్టాడంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. అది నేను కల్పించిందని వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

అవసరం వాడి కూతురి వల్ల వచ్చింది. దానికి ఎనిమిదేళ్లు, వాళ్ల నాన్న పోలికే. ఇంగ్లీషు మీడియం బడిలో నిలబెట్టి చదవమంటే అక్షరాలు దాన్ని కూడా సతాయిస్తాయి. రోజూ పొద్దున కడుపునొప్పి అంటుంది. తమ్ముడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ విమానం కథ చెబుతాడు, ఆ కథ పట్టుకునే అది బస్సెక్కుతుంది. ఒకరోజు నా ముందే అడిగింది.

"డాడీ, గా విమానం నిజంగనే ఉండెనా?"

"ఉండె బిడ్డా. నా కండ్లతోని చూసిన. కావాలంటే అత్తను అడుగు."

అది నా వైపు తిరిగింది. నేను తల ఊపాను.

"అయితే సూపెట్టు," అంది.

తమ్ముడు వెతకడం మొదలుపెట్టాడు. ఆ కార్టూన్ నాకప్పటికే దొరికిందని వాడికి తెలియదు. దుకాణంలో నా కూతురూ నేనూ వెతికిన వాటిలో అదొకటి. మొదటిసారి దాని మాటలు విన్నాను, అర్థం నా కూతురు చెప్పింది.

"మమ్మీ, గిది మస్తు డబ్బా కొట్టుకునే విమానం. పనంతా గా చిన్న బండ్లు చేస్తున్నయి. అంతా నేనే చేసిన అని గిది అబద్ధం చెప్తున్నది. లాస్టుకు అందరు దీన్ని చూసి నవ్వుతున్నరు."

రెక్క మీద అతుకు కూడా ట్రాక్టర్ రేకు కాదు. గొప్పలకు పోయి గోడకు గుద్దుకుంటే పడిన అతుకు. నిలబడని కార్టూన్లలోకెల్లా నిలబడనిది అదే. ఈ సంగతి మామకు చెప్పొద్దని నా కూతురికి గట్టిగా చెప్పాను. ఎందుకని అడిగితే కసురుకున్నాను. తమ్ముడితో, "పాతవన్నీ తీసేసిండ్రంట తమ్మీ, ఎందుకు పరేషాన్ అయితవ్?" అన్నాను. వాడు నమ్మాడు. నేను చెప్పిందేదైనా వాడు నమ్ముతాడు, అదే నా బాధ.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. "అక్కా, దొరికింది! మన విమానం దొరికింది. ఆదివారం పిల్లను తీస్కొని రా, అందరం కూసోని చూద్దం." అంత సంతోషంగా వాడి గొంతు విని చాలా రోజులైంది.

ఆదివారం కోడికూర తిన్నాక పెద్ద టీవీ ముందు చేరాం. మేనకోడలు అందరికంటే ముందు కూర్చుంది. తమ్ముడు గర్వంగా కార్టూన్ పెట్టాడు. అదే ముక్కు, అవే కళ్లు. "గిదే బిడ్డా, గిదే!" అని వాడు కుర్చీలోంచి సగం లేచాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఓ మూల కూర్చున్నాను.

విమానం నోరు తెరిచి గడగడా మాట్లాడింది. మేనకోడలికి అంత వేగం అందలేదు. పక్కనున్న నా కూతురి మోకాలు తట్టింది.

"వదినా, ఏమంటున్నది?"

నా కూతురు నా వైపు చూసింది. తమ్ముడు కూడా, "చెప్పు బిడ్డా, నీకు ఇంగ్లీషు మంచిగొస్తది గద," అన్నాడు. నేను కళ్లతో ఒక్క సైగ చేస్తే చాలు, అది నాకోసం అబద్ధం చెప్పేది. కథలు కట్టడం దానికి నాకంటే బాగా వచ్చు. కానీ నేను ఆడిన అబద్ధాన్ని నా బిడ్డ నోట పెట్టలేకపోయాను.

"ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

అది చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది పాపం, అయినా ఉన్నది ఉన్నదే. విమానం గొప్పలు పోయింది, అబద్ధమాడింది, అందరూ నవ్వారు.

"డాడీ, గిది నువ్వు చెప్పిన విమానం కాదు," అంది మేనకోడలు.

"ఆగు బిడ్డా, ఇది వేరే దినంది అయ్యుంటది." తమ్ముడు ఇంకొకటి పెట్టాడు. అందులోనూ అంతే. మూడోది పెట్టబోయాడు. మేనకోడలు టీవీని చూడడం మానేసి వాళ్ల నాన్న ముఖం చూస్తోంది. ఇక నావల్ల కాలేదు.

"అండ్ల లేదు తమ్మీ," అన్నాను. "ఎన్నడు లేకుండె. నాకు అప్పుడు ఇంగ్లీషు రాకుండె. నేనే జెప్పిన."

వాడు టీవీ ఆపేశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాడు, నవ్వులపాలు చేశావంటాడని అనుకున్నాను. వాడు కింద గచ్చు మీదికి చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"చిన్న బండ్లల్ల నిలబెట్టింది?"

"నిన్ను ఒకటో తరగతిల కూసోబెట్టిన దినం."

"పేరు సదవరాక, చెరువును చూసుకుంట దిగింది గద, అది?"

"సారు నిన్ను కొట్టిన దినం."

"ఇంజన్ బాగుజేసింది?"

"పెద్దవ్వ ఫ్యాను నువ్వు బాగుజేస్తే పేరు ఇంకొకనికి పోయింది. గందుకే అట్ల జెప్పిన."

వాడు ఒక్కొక్కటే అడిగాడు. నేను మరిచిపోయినవి కూడా వాడికి గుర్తున్నాయి. అన్నీ అయ్యాక తల ఎత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి, ముఖంలో కోపం లేదు.

"నేనేమనుకునేటోన్నో ఎరుకనా అక్కా? దీనికి గూడ నా అసొంటి కష్టాలే ఎట్లొస్తున్నయి అనుకునేటోన్ని. ఏడనో నా లెక్క ఇంకొకడు ఉన్నడు, వాడు బతుకుతున్నడు, నేను గూడ బతుకుత అనుకునేటోన్ని. వాడు లేనే లేడు. నువ్వున్నవ్."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇన్నేళ్లు దొంగసొమ్ములా దాచిందేమిటో వాడు ఒక్క మాటతో తేల్చేశాడు. నా జన్మలో ఎవరూ నన్ను అంత మెచ్చుకోలేదు, ఇకముందు మెచ్చుకోకపోయినా నాకు చింత లేదు.

మేనకోడలు కాసేపు వాళ్ల నాన్నను, కాసేపు నన్ను చూసింది. దానికి చదవడం రాకపోవచ్చు, తెలివికేం తక్కువ లేదు. లేచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

"అత్తమ్మా," అంది, "నిన్న మా బళ్లె ఏమైందో జెప్పనా?"

"చెప్పు," అన్నాను. "ఏం ఇడ్సిపెట్టకుండ అంతా చెప్పు."